నిద్రలో ఆగే శ్వాస, ఏళ్ల తరబడి సాగే అప్పీళ్లు: అమెరికా మాజీ సైనికుల స్లీప్ ఆప్నియా కేసుల్లో చిక్కు ఎక్కడ?

గురక పెట్టేవారికి తమ గురక వినిపించదు. నిద్రలో తమ శ్వాస ఆగిపోతున్న సంగతీ తెలియదు. పక్కన పడుకున్నవారికే అది ముందుగా తెలుస్తుంది. స్లీప్ ఆప్నియాకు ఉన్న ఈ స్వభావమే అమెరికాలో మాజీ సైనికుల వైకల్య పరిహార అప్పీళ్లను జటిలం చేస్తోంది. సర్వీసులో ఉండగా వైద్యుడి వద్దకు వెళ్లని సైనికుడికి, విరమణ తర్వాత ఎన్నో ఏళ్లకు వ్యాధి నిర్ధారణ అవుతుంది. సైనిక వైద్య రికార్డులో దాని ప్రస్తావన ఉండదు. అలాంటప్పుడు అది సైన్యంలోనే మొదలైందని తేల్చడం ఎలా?

వ్యాధి ఏమిటి? పరిహారం ఎంత?

నిద్రలో గొంతు కండరాలు సడలి శ్వాసమార్గం మూసుకుపోవడం ఈ వ్యాధిలో అత్యధికంగా కనిపించే రకం. శ్వాస కనీసం 10 సెకన్లపాటు ఆగినా, బాగా తగ్గినా దాన్ని ఒక ఘటనగా లెక్కిస్తారు. గంటకు 5 నుంచి 15 లోపు ఘటనలుంటే స్వల్పం, 15 నుంచి 30 లోపు మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. చికిత్స లేకపోతే పగటి మగతతో పాటు అధిక రక్తపోటు, గుండెజబ్బుల ముప్పు పెరుగుతుంది.

అమెరికా మాజీ సైనికుల వ్యవహారాల శాఖ తన రేటింగ్ పట్టికలో ఈ వ్యాధికి నాలుగు స్థాయిలు నిర్దేశించింది. లక్షణాలు లేకపోతే 0 శాతం, పగటిపూట విడవని మగత ఉంటే 30 శాతం, సీప్యాప్ వంటి శ్వాస సహాయక యంత్రం అవసరమైతే 50 శాతం, దీర్ఘకాలిక శ్వాస వైఫల్యం వంటి తీవ్ర స్థితిలో 100 శాతం. 50 శాతం రేటింగ్ పొందిన ఒంటరి వ్యక్తికి 2025 రేట్ల ప్రకారం నెలకు సుమారు 1,100 డాలర్లు అందుతాయి. దీనిపై పన్ను ఉండదు. అందుకే ఒక్క తిరస్కరణ లేఖ కుటుంబ ఆదాయాన్నే మార్చివేయగలదు.

తిరస్కరణ ఎందుకు?

పరిహారం మంజూరు కావాలంటే మూడు విషయాలు రుజువు కావాలి. ప్రస్తుతం వ్యాధి ఉండాలి. సర్వీసు కాలంలో దానికి మూలమైన ఘటన, గాయం లేదా లక్షణం ఉండాలి. ఆ రెంటికీ సంబంధం ఉన్నట్లు ఆధారం ఉండాలి. నిద్ర పరీక్ష నివేదికతో మొదటిది తేలుతుంది. చిక్కంతా మిగిలిన రెండింటి వద్దే.

విషపూరిత పొగ, రసాయనాల ప్రభావానికి గురైన సైనికుల కోసం 2022లో తెచ్చిన ప్యాక్ట్ చట్టం కొన్ని వ్యాధులు సర్వీసు వల్లే వచ్చాయని ముందుగానే భావిస్తుంది. ఆ జాబితాలో స్లీప్ ఆప్నియా లేదు. కాబట్టి ప్రతి దరఖాస్తుదారూ తన కేసును విడిగా నిరూపించుకోవలసిందే.

సాక్ష్యానికి ఉన్న విలువ

సర్వీసు నాటి రికార్డు లేదన్న ఒక్క కారణంతో సాక్ష్యాన్ని నమ్మదగనిదిగా కొట్టివేయరాదని ఫెడరల్ సర్క్యూట్ అప్పీలు న్యాయస్థానం 2006లో స్పష్టం చేసింది. దీంతో బ్యారక్‌లో పక్క మంచంపై పడుకున్న సహచరుడి వాంగ్మూలానికి, జీవిత భాగస్వామి కథనానికి ప్రాధాన్యం ఏర్పడింది. ‘గురక ఆగి, ఉక్కిరిబిక్కిరై లేచేవాడు’ అని వారు చెప్పవచ్చు. అది స్లీప్ ఆప్నియాయేనని నిర్ధారించే అర్హత మాత్రం వారికి ఉండదు. ఆ పని వైద్యుడిది.

వైద్యుడు సైతం సంపూర్ణ నిశ్చయంతో చెప్పనక్కరలేదు. వ్యాధి సర్వీసు వల్ల వచ్చే అవకాశం, రాకపోయే అవకాశానికి కనీసం సమానమని చెబితే చాలు. అనుకూల, ప్రతికూల ఆధారాలు సమంగా తూగితే నిర్ణయం మాజీ సైనికుడికి అనుకూలంగా ఉండాలని చట్టం చెబుతోంది. అయితే కారణాలు వివరించని అభిప్రాయానికి బరువు తక్కువ.

మరో మార్గం కూడా ఉంది. సర్వీసు వల్ల వచ్చినట్లు ఇప్పటికే గుర్తించిన మరో వ్యాధి దీనికి కారణమైనా, దీన్ని తీవ్రం చేసినా పరిహారం కోరవచ్చు. ఉదాహరణకు మోకాలి గాయంతో కదలిక తగ్గి, ఊబకాయం వచ్చి, దాని వల్ల స్లీప్ ఆప్నియా రావచ్చు. ఊబకాయాన్ని విడిగా వైకల్యంగా గుర్తించకపోయినా, ఇలా మధ్య లంకెగా పరిగణించవచ్చని ఆ శాఖ న్యాయ విభాగం 2017లో అభిప్రాయపడింది.

అప్పీలుకు దారులు

2019 ఫిబ్రవరి నుంచి అమలవుతున్న విధానంలో మూడు దారులున్నాయి. కొత్త ఆధారం ఉంటే అనుబంధ క్లెయిము వేయవచ్చు. ఉన్న ఆధారాలనే తప్పుగా చదివారనుకుంటే సీనియర్ అధికారి సమీక్ష కోరవచ్చు. అక్కడ కొత్త పత్రాలను స్వీకరించరు. లేదా మాజీ సైనికుల అప్పీళ్ల బోర్డును ఆశ్రయించవచ్చు. బోర్డు తీర్పూ ప్రతికూలమైతే 120 రోజుల్లోగా ప్రత్యేక న్యాయస్థానానికి వెళ్లవచ్చు.

ఇక్కడ గడువే కీలకం. నిర్ణయం వెలువడిన ఏడాదిలోగా తదుపరి అడుగు వేస్తూ పోతే, గెలిచినప్పుడు బకాయిలను సాధారణంగా మొదటి దరఖాస్తు తేదీ నుంచి లెక్కిస్తారు. గడువు దాటితే, ఆ తర్వాత గెలిచినా గడిచిన ఏళ్ల సొమ్ము చేజారవచ్చు.

భారత్‌లోనూ ఇదే ప్రశ్న

భారత సైనికుల వైకల్య పింఛను వివాదాల్లోనూ రుజువు భారం ఎవరిదన్న ప్రశ్న తలెత్తింది. 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, చేరిక సమయంలో నమోదు కాని వ్యాధి కారణంగా సైనికుడిని సర్వీసు నుంచి తొలగిస్తే అది సర్వీసు వల్ల వచ్చినట్లు భావించాలని, కాదని చూపే భారం సైనికుడిపై ఉండదని పేర్కొంది.

మారనున్న కొలమానం?

సీప్యాప్ వాడకాన్ని బట్టి కాక, చికిత్స ఎంతవరకు ఫలించిందన్న దాన్ని బట్టి రేటింగ్ ఇవ్వాలని 2022 ఫిబ్రవరిలో అమెరికా శాఖ ప్రతిపాదించింది. యంత్రంతో లక్షణాలు పూర్తిగా అదుపులో ఉంటే ఆ ప్రతిపాదన ప్రకారం రేటింగ్ 0 శాతమే. పట్టిక మారినంత మాత్రాన, వైకల్యం నిజంగా మెరుగుపడితే తప్ప, అప్పటికే ఇచ్చిన రేటింగ్‌ను తగ్గించరాదని చట్టం రక్షణ కల్పిస్తోంది.  కొలమానం ఏదైనా, వ్యాధి సర్వీసులోనే మొదలైందని చూపవలసిన అవసరం మాత్రం అప్పీలు ఇంకా తేలనివారికి తప్పదు. రికార్డులో లేని ఆ రాత్రుల గురించి చెప్పగలిగేది అప్పట్లో పక్కన ఉన్నవారే. వారి జ్ఞాపకం చెదరకముందే దాన్ని వాంగ్మూలంగా నమోదు చేయించుకోవడం అందుకే అవసరం.