పెరటి తోట, పురుగుమందు, చట్టము

పెరటిలోని వంగమొక్కకు పురుగు పట్టినచో, గృహస్థుడు అంగడికి పోయి చిన్న సీసాడు పురుగుమందు తెచ్చి చల్లును. “నా తోట, నా మొక్క, ఇందు చట్టమునకేమి పని?” అని అతడు తలచుట సహజము. ఆ తలంపులో సగము నిజము, సగము పొరపాటు.

1958లో కేరళ, మద్రాసు రాష్ట్రములలో పారథియాన్ అను పురుగుమందు కలిసిన ఆహారము తిని నూరుమందికి పైగా మరణించిరి. రవాణాలో ఆ మందు కారి ఆహారపదార్థములకు సోకుటయే ఇందుకు కారణము. ఈ విషాదము తరువాత, 1968లో పార్లమెంటు కీటకనాశినుల చట్టమును చేసినది. నమోదు కాని మందును తయారు చేయరాదు. లైసెన్సు లేనిదే అమ్మరాదు. అయితే ఇంటి అవసరములకు, పెరటి తోటకు, స్వంత సాగుభూమికి మందు వాడుకొను వ్యక్తిని 38వ సెక్షను ఈ చట్టమునుండి మినహాయించినది.

ఈ మినహాయింపు వాడకమునకే గాని, హాని చేయుటకు కాదు. మందు కంచెవద్ద ఆగదు. తుంపర ఎంత సన్ననిదైన అంత నెమ్మదిగా నేలకు దిగును. అంత దూరము గాలివెంట పోవును. అది పొరుగువారి బావిలోనో, కోళ్ళ మేతలోనో పడి నష్టము కలిగించినచో, వారు సివిలు కోర్టులో పరిహారము కోరవచ్చును.

శిక్షకు గురియగు సందర్భములును కలవు. 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 286వ సెక్షను ప్రకారము, ఇతరుల ప్రాణమునకు ముప్పు కలుగునట్లు విషపదార్థమును నిర్లక్ష్యముగా వాడుట నేరము. తన వద్దనున్న విషమును తగు జాగ్రత్తతో ఉంచకపోవుటయు నేరమే. దీనికి 6 మాసముల వరకు ఖైదు, లేక 5,000 రూపాయల వరకు జరిమానా, లేక రెండును విధింపవచ్చును. మిగిలిన మందును నూనెసీసాలో పోసి వంటయింటి అలమరలో పెట్టుట ఎంత ప్రమాదమో దీనినిబట్టి గ్రహింపవచ్చును. తెలిసి తెలిసి ప్రజల చెరువునీటిని పాడుచేయుట 279వ సెక్షను క్రింద వేరొక నేరము.

కావున డబ్బాపైనున్న చీటీని మొదట చదువవలెను. దానిపై నిలువుగా నిలిపిన చతురస్రపు గుర్తులో క్రింది సగపు రంగు విషతీవ్రతను తెలుపును: ఎరుపు అత్యంత తీవ్రము, పసుపు మిక్కిలి తీవ్రము, నీలము మధ్యస్థము, ఆకుపచ్చ స్వల్పము. ఆకుపచ్చ యనగా విషము లేదని అర్థము కాదు. చీటీలో చెప్పిన మోతాదు మించక, గాలి లేని వేళ చల్లి, ఖాళీ డబ్బాను పగులగొట్టి నివాసములకు, నీటికి దూరముగా పాతిపెట్టవలెను. తోట తనదే, గాలియు నీరును అందరివి.