సుఖమే పరమార్థమా?

ప్రతి ప్రాణియు సుఖమును కోరును. దుఃఖమును తొలగించుకొన జూచును. ఇది లోకసహజము. అయితే మానవజీవితమునకు సుఖమే పరమప్రయోజనమనియు, తక్కినవన్నియు దానికి సాధనములు మాత్రమే యనియు చెప్పు సిద్ధాంతమునకు సుఖవాదమని పేరు.

భారతదేశమున ఈ వాదమును చేసినవారు చార్వాకులు. వీరినే లోకాయతులందురు. వారు ప్రత్యక్షమునే ప్రమాణముగా గైకొని, పరలోకమును నిరాకరించిరి. వారి మూలగ్రంథములు దాదాపుగా నశించినవి. ప్రతిపక్షుల వ్రాతలను బట్టియే వారి మతము ఎక్కువగా తెలియుచున్నది. 14వ శతాబ్దమున మాధవాచార్యుడు రచించిన 'సర్వదర్శనసంగ్రహము' వారి వాదముతోనే ఆరంభమగును. ముండ్లున్నవని చేపను విడువరు. యాచకులు వత్తురని వంట మానరు. అట్లే దుఃఖము కలసియున్నదని సుఖమును విడుచుట అవివేకమని వారి యుక్తి. వరదగోదావరిలో దొరకు పులసను ముండ్లకు వెరవక ఆరగించు కోనసీమవాసికి ఈ యుక్తి సులభముగా బోధపడును.

సుఖవాదులందరును భోగలాలసులు కారు. గ్రీసు దేశపు ఎపిక్యూరస్ (క్రీ. పూ. 341–270) సుఖమే పరమార్థమనెను, కాని శరీరమునకు బాధయు, మనస్సునకు కలతయు లేకుండుటయే నిజమైన సుఖమని బోధించి, మితాహారముతో తృప్తిగా జీవించెను. ఆంగ్లేయుడైన జాన్ స్టూవర్ట్ మిల్ 1861లో సుఖములందు తరతమభేదము కలదనియు, తన సుఖమునే కాక ఎల్లర సుఖమును చూడవలెననియు వాదించెను.

చార్వాకుల యుక్తిలో యాచకుడు సుఖమునకు అడ్డు వచ్చువాడు. కోనసీమలోని లంకల గన్నవరమున డొక్కా సీతమ్మ (1841–1909) ఇంట యాచకుడే అతిథి. గోదావరి పాయలు దాటి అలసి వచ్చిన బాటసారులకు వేళ గాని వేళను సైతము ఆమె అన్నము పెట్టెను. ప్రజలు ఆమెను అపర అన్నపూర్ణయని కొనియాడిరి.

అన్నము పెట్టుటలో కలిగిన ఆనందమే ఆమె కోరిన సుఖము కదా యని సుఖవాది అడుగవచ్చును. దీనికి సమాధానము కలదు. అతిథి ఆకలి తీరవలెనను కోరిక ముందుగా లేనివానికి, ఆ ఆకలి తీరినప్పుడు ఆనందము కలుగదు. కావున ఆకలి తీర్చుట లక్ష్యము. ఆనందము దాని వెంట వచ్చిన ఫలము. కాయల కొరకు పెంచిన కొబ్బరిచెట్టు కొంత నీడను కూడ ఇచ్చును. నీడ కొరకే కొబ్బరిని నాటువారు లేరు.

సుఖము వలదని పెద్దలు చెప్పలేదు. పురుషార్థములలో కామమునకును చోటు కలదు. కాని సుఖమునే వెదకువానికి అది తరచుగా చేజారును. సత్కార్యమున మునిగినవానిని అది తానై వెదకికొని వచ్చును.