ఆది జాకెట్టు అక్కర్లేదు!

శ్రావణమాసం ఇంకా నెల ఉందనగానే మన ఇళ్లలో ఒక వెతుకులాట మొదలవుతుంది. కొత్త చీర కోసమనుకునేరు, ఆది జాకెట్టు కోసం! అన్నిట్లోకీ బాగా కుదిరిన జాకెట్టు ఒకటి బీరువాలో ఏ మూలో ఉంటుంది. రంగు వెలిసిపోయి, చంకల దగ్గర పలచబడి, తొడుక్కోవడానికి ఎప్పుడో పనికిరాకుండా పోయినా దాన్ని పారెయ్యం. టైలరుకి ఇవ్వాల్సిన ఆది అదే మరి. అమెరికాలో ఉన్న మన ఆడపిల్లలు కూడా హైదరాబాదుకో విజయవాడకో వచ్చేవాళ్ల సూట్‌కేసులో ఒక ఆది జాకెట్టు పెట్టి పంపుతారు. మనిషి అక్కడ, ఆది ఇక్కడ!

నాకు ఎప్పుడూ ఒకటే సందేహం. ఇంతకీ ఆ ఆది ఎప్పటిది? పెళ్లయిన కొత్తల్లోదా, మొదటి కాన్పు తర్వాతదా, థైరాయిడ్ మాత్రలు మొదలుపెట్టక ముందుదా? ఒళ్లు ఏడాదికో రకంగా మారుతుంది. ఆది మాత్రం అలాగే ఉంటుంది. కొత్త జాకెట్టు బిగుతుగా వస్తే "ఒళ్లు చేశాను" అని మనల్ని మనమే తిట్టుకుంటాం గానీ, ఆది పాతబడిందేమోనని ఎవరైనా అనుకుంటామా? నేను కుట్టుమిషను ముందు కూర్చోవడానికి సగం కారణం ఈ సందేహమే. మిగతా సగం ఉత్త సరదా.

మా అమ్మమ్మ తరంవాళ్లకి ఈ బాధ లేదు. వాళ్ల రవికలకి ముందువైపు ముడి ఉండేది. ఒళ్లు చేసిననాడు వదులుగా, తగ్గిననాడు బిగించి కట్టుకునేవాళ్లు. ఏ రోజు ఆది ఆ రోజుదే. హుక్కులూ, డాట్లూ వచ్చాక అందం పెరిగిన మాట నిజమే గానీ, ఆ వెసులుబాటు పోయింది.

మా ఇంట్లో ఉన్నది అమ్మ తొక్కుడు మిషను. నల్లటి ఒళ్లు, దాని మీద బంగారు రంగు పువ్వులు. చాలా ఏళ్లు దాని మీద టీవీ ఉండేది. టీవీ గోడకెక్కాక ఇస్త్రీకి వెయ్యాల్సిన బట్టల మూట ఆ చోటికొచ్చింది. 2020 లాక్‌డౌన్‌లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పొదుపు సంఘాల మహిళలు రాత్రింబవళ్లు మాస్కులు కుడుతున్నారని చదివి, ఆ మూట దించి, దుమ్ము దులిపి, ప్రతి రంధ్రంలోనూ రెండేసి చుక్కల మిషనాయిలు వేశాను. తోలు బెల్టు ఒకటి కొత్తది వేయించాల్సి వచ్చింది. అంతే, ముసలి మిషను గడగడలాడుతూ నడిచింది.

ఈ యంత్రం కథ కూడా భలే ఉంటుంది. చేతిసూదికి కన్ను వెనకవైపు ఉంటే, మిషను సూదికి మొనవైపు ఉంటుంది, గమనించారా? 1846లో అమెరికాలో ఎలియాస్ హోవే పేటెంటు తీసుకున్న మిషనులో కీలకం ఆ మొన దగ్గరి కన్నే. 1851లో ఐజాక్ సింగర్ ఇంకో మిషనుకి పేటెంటు పొందాడు. వాయిదాల పద్ధతిలో ఇళ్లకి అమ్మి మధ్యతరగతి గడప తొక్కించింది ఆ కంపెనీయే. యంత్రాలంటే అంతగా ఇష్టపడని గాంధీగారు కూడా 1924లో కుట్టుమిషనుకి మినహాయింపు ఇచ్చారు. భార్య చేతికుట్టుతో పడే శ్రమ చూడలేక సింగర్ దీన్ని చేశాడని ఆయన నమ్మారు. సింగర్ జీవితచరిత్ర చూస్తే ఆయనగారికి ఒకటికి మించి సంసారాలు! ఏ భార్య శ్రమ చూసి కరిగిపోయాడో గాంధీగారికి ఎవరూ చెప్పినట్టు లేదు. మన దేశంలో 1930ల్లో కలకత్తాలో ఉషా మిషన్లు తయారవడం మొదలయ్యాక ఇది మన ఇళ్లలో సొంత మనిషైపోయింది.

నాకు కుట్టు నేర్పింది మా వీధి చివర ఉండే టీచరుగారు. సర్కారువారు పెట్టే టైలరింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలు రెండూ పాసై, బళ్లో కుట్టు నేర్పి రిటైరైన మనిషి. మొదటి వారం నా చేత గుడ్డ ముట్టనివ్వలేదు. దారం లేకుండా, గీతల నోటుబుక్కు కాగితం మిషను కింద పెట్టి ఆ గీత మీదే సూది నడపమన్నారు. తర్వాత చదరాలు, ఆ తర్వాత జంతికల్లా గుండ్రంగా తిరిగే చుట్లు. చేతులూ కాళ్లూ ఒక తాళానికి వచ్చేదాకా అదే పని. ఎవరైనా ఇంట్లో మొదలుపెట్టాలనుకుంటే ఇంతకంటే మంచి పద్ధతి నాకు తెలీదు. కాగితానికి ఖర్చూ లేదు, చెడిపోతుందన్న భయమూ లేదు.

గుడ్డ దగ్గరికి వచ్చాక మన ఇళ్లలో ఒక నిధి ఉంది. పేరంటాల్లో తాంబూలంతో పాటు వచ్చే రవికగుడ్డలు! మనకి పెట్టింది మనం ఇంకొకళ్లకి పెడతాం, వాళ్లు మరొకళ్లకి పెడతారు. కొన్ని గుడ్డలు ఊరంతా తిరిగి మళ్లీ మన ఇంటికే వస్తాయి. వాటిలో ఒక పది తీసి నేర్చుకోవడానికి పక్కన పెట్టుకోండి, పాపం ఆ గుడ్డల ప్రయాణం కూడా ఆగుతుంది. మొదట దిండు గలీబు, తర్వాత పసిపిల్లల జబ్లా, ఆ తర్వాత రెండు మీటర్ల పాప్లిన్ తెచ్చుకుని లంగా. జాకెట్టు ఆఖరున. చాలామంది జాకెట్టుతోనే మొదలుపెట్టి నాలుగు రోజులకే మిషను మీద గుడ్డ కప్పేస్తారు. మన బట్టలన్నిట్లోకీ గుడ్డ తక్కువ, లెక్కలు ఎక్కువ ఉన్నది అదే.

అన్నిటికంటే ముందు నేర్చుకోవాల్సింది కుట్టడం కూడా కాదు, గుడ్డని చూడడం. మగ్గం మీద పొడుగునా ఉండేది పడుగు, అడ్డంగా అల్లేది పేక. పడుగు వెంబడి గుడ్డ సాగదు. పేక వెంబడి కాస్త సాగుతుంది. మూల నుంచి మూలకి, అంటే క్రాస్‌గా లాగి చూడండి, బాగా సాగుతుంది. మెడ చుట్టూ పైపింగుకి గుడ్డని క్రాస్‌గా ఎందుకు కత్తిరిస్తారో అప్పుడు అర్థమవుతుంది, అది వంపు తిరగాలి కదా! ఈ సంగతి తెలిసిన రోజున నా బీరువాలో బట్టలన్నీ బయటకి తీసి లాగి లాగి చూశాను. మావారు కాఫీ కప్పుతో అలాగే నిలబడిపోయారు.

మంగళగిరి నూలైనా, మాకు దగ్గర్లోని పెడన కలంకారీ అయినా కత్తిరించే ముందు ఒక రాత్రి నీళ్లలో నానేసి, నీడన ఆరేసి, ఇస్త్రీ చెయ్యాలి. కుంచించుకుపోయేదేదో ముందే కుంచించుకుపోతుంది. సన్నటి గుడ్డకి 11 నంబరు సూది, మామూలు నూలుకి 14, మందపాటి దానికి 16. ప్రతి కుట్టు అవగానే దాని మీద ఇస్త్రీపెట్టె పోనివ్వాలి. ఇంట్లో కుట్టినదానికీ షాపులో కుట్టినదానికీ తేడా తెలిసేది చాలావరకు ఈ ఇస్త్రీ దగ్గరే. కటింగు ముందు కాగితం మీద. మీరు చదివేశాక ఈ పేపరునే పరిచి కత్తిరించుకోండి, మేమేమీ అనుకోం! కథలో కొట్టేసిన వాక్యాన్ని మళ్లీ రాసుకోవచ్చు గానీ కత్తిరించిన గుడ్డ అతకదు.

ఇక కొలతలు. టేపుతో మన కొలత మనం తీసుకుంటే వంకర వస్తుంది, ఇంకొకళ్లు తియ్యాలి. అప్పుడు ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కోకూడదు. అద్దం ముందు అందరం చేసే పనే అది! రోజంతా ఎలా ఉంటామో అలాగే నిలబడాలి. ఆ అంకె కాగితం మీద రాసి తారీఖు కూడా వెయ్యండి. ఏడాదికొకసారి కొత్త కాగితం. పక్క కుట్ల లోపల అంగుళం గుడ్డ వదిలి కుడితే, ఒళ్లు మారినప్పుడు విప్పుకోవచ్చు.

ఇదంతా సరదాగా నేర్చుకున్న విద్యే. దాని అసలు అవసరం నాకు 2022లో తెలిసింది. ఆ ఏడాది మా అమ్మకి ఎడమ రొమ్ము తీసేశారు. చంకలోని గ్రంథులు కూడా తీశారు. చికిత్స బాగా జరిగింది, మనిషి కోలుకుంది. కానీ పేరంటానికి పిలిస్తే "ఓపిక లేదే" అనేది. ఇంట్లో కూడా కొంగు రెండు భుజాల మీంచీ కప్పుకుని కూర్చునేది. ఒకరోజు నేను గట్టిగా అడిగితే అప్పుడు అంది: "జాకెట్లన్నీ ఒకవైపు డొల్లగా ఉంటున్నాయే. ఆ టైలరుకి ఏమని చెప్పను? ఏ ఆది ఇవ్వను?"

జాకెట్టు కత్తిరించేటప్పుడు గుడ్డని మధ్యకి మడిచి రెండు వైపులా ఒకేసారి కత్తిరిస్తాం, రెండూ ఒకటేనన్న నమ్మకంతో. అమ్మకి నేను మడవలేదు. కుడి ముందుభాగానికి ఒక కాగితం, ఎడమదానికి ఇంకో కాగితం విడివిడిగా గీశాను. ఎడమవైపు లైనింగులో మెత్తటి పాత నూలు గుడ్డతో లోపల ఒక జేబు పెట్టాను, తేలికపాటి ప్యాడ్ పెట్టుకోవడానికి. ఇలాంటి ప్యాడ్లు బజార్లో దొరుకుతాయి. గాయం పూర్తిగా మానాక, డాక్టరుగారు సరేనన్నాకే వాడాలి. చంకలో గ్రంథులు తీసినవాళ్లకి ఆ చెయ్యి వాచే ప్రమాదం ఉంటుంది కాబట్టి ఆ వైపు చేతిని బిగుతుగా కుట్టకూడదు. మెడ రెండంగుళాలు పైకి తెచ్చాను. చెయ్యి పైకెత్తక్కర్లేకుండా హుక్కులు ముందువైపే.

అమ్మ తొడుక్కుని అద్దం ముందు చాలాసేపు నిలబడింది. నేను వెనకాల టేపు పట్టుకుని ఏమంటుందోనని చూస్తున్నాను. ఇటు తిరిగి, అటు తిరిగి, "కుడిచెయ్యి ఎందుకే ఇంత వదులు? అరంగుళం లోపలికి పట్టు" అంది.

నాకెంత హాయనిపించిందో చెప్పలేను. జాకెట్టుకి వంకలు పెట్టే మా అమ్మ తిరిగొచ్చింది! ఆ వేసవిలో మా పిన్నిగారి మనవరాలి పెళ్లికి వెంకటగిరి చీర మీద అదే తొడుక్కుని, కొంగు మామూలుగా ఒకవైపే వేసుకుని వచ్చింది.

ఇది విన్నవాళ్లంతా "ఇంత బాగా కుడుతున్నారు, జాకెట్టుకి ఎంత తీసుకుంటారు?" అని అడుగుతున్నారు. మన దగ్గర ఆడవాళ్లు కుట్టుపని చేస్తే రెండే లెక్కలు. అయితే ఇంటికి ఆదా, లేకపోతే ఇంటికి ఆదాయం. మిషను తొక్కి పిల్లల్ని చదివించుకున్న తల్లులెందరో మన వీధుల్లోనే ఉన్నారు, వాళ్ల ముందు నేనెంత! కానీ మగవాళ్లు చెస్ ఆడితే "గేముకెంత వస్తుంది?" అని ఎవరూ అడగరు కదా. నేను మాత్రం "కథలకి ఎంతిస్తారో అంతే" అని నవ్వేస్తాను. కథలు రాసేవాళ్లకి ఆ జవాబు వెంటనే అర్థమవుతుంది.

అందరి భోజనాలూ అయ్యాక రెండు నుంచి మూడున్నర దాకా నా మిషను టైము. పొద్దున్న వండింది మధ్యాహ్నానికి అయిపోతుంది, ఉతికింది సాయంత్రానికి మాస్తుంది, తుడిచిన నేల గంటలో అడుగులతో నిండుతుంది. నేను రోజంతా చేసే పనుల్లో మర్నాడు పొద్దున్న కూడా నేను చేసినట్టే కనబడేది ఒక్క కుట్టుపనే. దాన్ని కూడా ఆర్డర్లకీ, గడువులకీ అప్పజెప్పాలని లేదు. అమ్మతో పాటు ఆస్పత్రికి వెళ్లే ఇద్దరు ముగ్గురికి మాత్రం వాళ్ల గుడ్డతోనే కుట్టి ఇచ్చాను, కూలి లేకుండా. వాళ్లకీ ఆది జాకెట్టు తేవద్దనే చెప్పాను.

ప్రస్తుతం మా అమ్మాయి వంతు. తొమ్మిదో క్లాసు. కుర్తాకి జేబులు కావాలిట, అవీ ఉత్తుత్తి జేబులు కాదు, ఫోను మొత్తం దిగేంత లోతైనవి. న్యాయమైన కోరికే. వాళ్ల అన్నయ్య ప్యాంటుకి నాలుగు జేబులుంటే ఈ పిల్ల బట్టలకి ఒక్కటీ లేదు. పెడన గుడ్డ రాత్రే నానేశాను, ఇప్పుడు వరండాలో ఆరుతోంది. ఈలోగా కాగితం కటింగు కానిద్దామంటే ముందు నా గుడ్డ కత్తెర ఎక్కడుందో చూసుకోవాలి. వంటింట్లో పాలప్యాకెట్టు కత్తిరిస్తున్న చప్పుడు వినిపిస్తోంది, నాకెందుకో అనుమానంగా ఉంది!