ఏ నవల చదవాలి? పదిమంది కూడితే పది మాటలు!

మొయినాబాద్: పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అన్నారు పెద్దలు. కూరలో ఉప్పు దగ్గరే ఒక ఇంట్లో నలుగురికీ కుదరదు. అటువంటప్పుడు పదిమంది కూడి నెలకో నవల చదివి మాట్లాడుకుందామనుకుంటే పేచీ ఎక్కడ మొదలవుతుంది? చదివిన తర్వాత కాదు. ఏ నవల తేవాలి అన్న దగ్గరే మొదలవుతుంది.

అటు ఉస్మాన్‌సాగర్‌కు, ఇటు హిమాయత్‌సాగర్‌కు నడుమ ఉన్న మొయినాబాద్ ప్రాంతపు ఊళ్లలో ఒకే ఇంట్లో మూడు తరాలుంటాయి. కూరగాయలు, పూలు పండించే పెద్దవారు, బస్సెక్కి పట్నం కాలేజీకి పోయే పిల్లలు, సీరియల్ నవలలతో చదువు నేర్చిన ఆడవారు. వీరందరికీ ఒకే పుస్తకం నచ్చాలంటే ఎట్లా?

పండితులకే తెగని తగవు

ఈ తగవు పల్లెవాసులకే పరిమితం కాదు. 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నవలల పోటీ పెట్టింది. విశ్వనాథ సత్యనారాయణ 'వేయిపడగలు', అడివి బాపిరాజు 'నారాయణరావు' పోటీకి నిలిచాయి. చివరకు బహుమతిని రెండింటికీ పంచి ఇచ్చారు. ఆ బాపిరాజే తర్వాత 1940లలో హైదరాబాద్‌లో 'మీజాన్' తెలుగు పత్రికకు సంపాదకత్వం వహించారు.

'వేయిపడగలు' మీద వాదం నేటికీ ఆగలేదు. పాత పల్లె జీవితాన్ని అంత నిండుగా చూపిన నవల మరొకటి లేదని కొందరంటారు. జమీందారు, గుడి, కులకట్టు చల్లగా ఉంటే ఊరు చల్లగా ఉన్నట్లేనా అని మరికొందరు అడుగుతారు. తెలంగాణ బిడ్డ పి.వి. నరసింహారావు దానిని 'సహస్రఫణ్' పేరుతో హిందీలోకి అనువదించారు. దొరల పాలన చూసిన ప్రాంతం నుంచి వచ్చిన ఆయనకు అది నచ్చింది. అదే ప్రాంతంలో నచ్చనివారూ ఉన్నారు. ఇద్దరూ చదివినవారే.

'మన ముచ్చటే ఉన్నది'

తెలంగాణ నవలల మాట వచ్చేసరికి వాదం ఇంటి గడప తొక్కుతుంది. హోటల్లో పనిచేసి, తర్వాత పుస్తకాల గంప నెత్తిన పెట్టుకుని ఊరూరా అమ్మిన వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించారు. ఆయన 'ప్రజల మనిషి' 1950లలో వెలువడింది. నైజాం నాటి పల్లెలో జనం మేల్కొన్న కథ అది. దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్లు' దొర గడీ లోపలి సంగతులు చెబుతుంది. వెట్టినీ, ఆడబాపల బతుకునూ దాచకుండా చూపుతుంది.

"ఆ దొరల కాలం ముచ్చట మళ్ల ఎందుకు తవ్వుడు? ఆడపిల్లలు కూసున్న కాడ గవి చదువుతరా?" అనే పెద్దమనిషి ఏ ఊళ్లోనైనా ఉంటాడు. "మీరు చెప్పకపోతిరి, పుస్తకమన్న చెప్పనియ్యి తాతా" అనే మనుమరాలూ ఉంటుంది. ఇద్దరి మాటలోనూ బరువుంది. పెద్దాయనకు అది చదువు కాదు, పాత గాయం. పిల్లకు అది తన ఊరి చరిత్ర. పొలాలు చేతులు మారి ప్లాట్లు, ఫాంహౌసులు అవుతున్న చోట ఏ చెల్క ఎవరు దున్నారో చెప్పేవారు తగ్గిపోతున్నారు. అందుకే ఈ వాదం ఉత్త కాలక్షేపం కాదు.

సీరియల్ నవల తక్కువదా?

మూడో పక్షం ఆడవారిది. యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ' లేకపోతే తమకు చదివే అలవాటే పట్టేది కాదని చెప్పేవారు ఎందరో. వారపత్రికల్లో వచ్చిన సీరియల్ పేజీలు చింపి, కుట్టి, ఇంటింటికీ తిప్పిన కాలమది. యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' 1980లలో ఇంటింటా చదివించింది. చేతబడిని నమ్మించే రాతలని దానిపై విమర్శలూ వచ్చాయి. రంగనాయకమ్మ దానిని ఖండిస్తూ ఏకంగా ఒక పుస్తకమే రాశారు. అయితే పుస్తకం నచ్చక పుస్తకంతోనే జవాబు చెప్పడం కంటే మంచి తగవు ఏముంటుంది?

చదవనివ్వని కాలం

ఎంచుకునే హక్కు సులువుగా రాలేదు. ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి' 1922లో అచ్చయితే మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. 1937లో రాజాజీ మంత్రివర్గం వచ్చాక గాని ఆ నిషేధం పూర్తిగా తొలగలేదు. నైజాం ఏలుబడిలోనైతే సభ పెట్టాలన్నా, గ్రంథాలయం తెరవాలన్నా సర్కారు అనుమతి కావలసివచ్చేది. ఆ రోజుల్లో 1936లో షాద్‌నగర్‌లో జరిగిన ఆంధ్ర మహాసభకు అధ్యక్షత వహించినది ఈ మొయినాబాద్ ప్రాంతపు పెద్దమంగళారంలో పుట్టిన కొండా వెంకట రంగారెడ్డే. 1978లో ఏర్పడిన జిల్లాకు ఆయన పేరే పెట్టారు.

ఒకప్పుడు పుస్తకం వద్దన్నది సర్కారు. నేడు ఊళ్లో ఒకరికి నచ్చలేదని ఆ పుస్తకాన్ని అందరికీ దూరం చేస్తే, ఆ పని మనమే చేసినట్లవుతుంది.

వంతులు వేసుకుంటే సరి

తగవు తీరే దారి ఉంది. ఓట్లు వేసి ఒక్క నవలను గెలిపిస్తే ఎక్కువమంది రుచే ఎప్పుడూ గెలుస్తుంది. దానికి బదులు వంతులు వేసుకోవచ్చు. ఈ నెల పంతులుగారు చెప్పినది, వచ్చే నెల మనుమరాలు చెప్పినది, ఆ పై నెల సీరియల్ నవల. నచ్చనివారికి ముందుగా మాట్లాడే అవకాశమివ్వాలి. అయితే చదివి మాట్లాడాలి. అక్షరం రానివారికి ఎవరైనా చదివి వినిపించాలి. రామాయణం, భారతం పల్లెల్లో నిలిచింది ఒకరు చదవగా నలుగురు వినడం వల్లనే కదా!

పుస్తకాలకు డబ్బేది అని వెనుదీయనక్కరలేదు. కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు ఉంటుంది. ఆ పైసలు ఊరివే. కావలసిన నవలల జాబితా రాసి గ్రంథాలయంలో అడిగే హక్కు ప్రతి ఇంటికీ ఉంది. ఆ జాబితాలో పది పేర్లు ఉండి, పదింటి మీదా పేచీ ఉంటే మరీ మంచిది. ఆ ఊళ్లో చదివేవారు ఉన్నారని అర్థం.