తప్పెక్కడుందో ఇంటిభాషకు తెలుసు

చాలా బ్యాంకు ఉద్యోగాల ప్రిలిమ్స్‌లో ఇంగ్లిష్ ప్రశ్నలు 30, సమయం 20 నిమిషాలు. ఒక్కోదానికి 40 సెకన్లు. కొన్నిటిలో వాక్యాన్ని ముక్కలు చేసి ఇచ్చి, తప్పున్న ముక్క ఏదో పట్టుకోమంటారు. జవాబు తప్పితే పావు మార్కు కోత. ఆదోని, ఎమ్మిగనూరుల్లో డిగ్రీ చదివి ఈ పరీక్షలకు తయారయ్యే పిల్లల చేతికి మనం ఇచ్చేది సూత్రాల జాబితా, లేదంటే రెన్ అండ్ మార్టిన్ వ్యాకరణం. ఆ పుస్తకం గట్టిదే. కానీ 1930లలో, ముఖ్యంగా ఇక్కడి బ్రిటిష్ అధికారుల పిల్లల కోసం రాసిందని దానికి పేరు. ఏది తప్పో అది చెబుతుంది. తెలుగింటి పిల్లకు ఆ తప్పు ఒప్పులాగా ఎందుకు వినిపిస్తుందో చెప్పదు. అసలు చిక్కు అక్కడుంది. ఈ పిల్లల తప్పులు తెలివితక్కువతనం వల్ల వచ్చేవి కావు. వాటిలో చాలావాటికి ఇంటిభాషలో లెక్క ఉంది. ఆ లెక్క తెలిసినవాళ్లకు తప్పు ఎక్కడ దాక్కుంటుందో కూడా తెలుస్తుంది.

దీన్ని పరీక్షించి చూడటానికి ఆదోని సీమను మించిన చోటు దొరకదు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఇది బళ్లారి జిల్లా. తెలుగు, కన్నడం, ఉర్దూ మూడూ ఇక్కడి వీధుల్లోనే వినబడతాయి. 'ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ టూ ఇయర్స్' అన్న వాక్యాన్నే తీసుకోండి. మనం 'సోమవారం నుంచి' అంటాం, 'రెండేళ్ల నుంచి' అనీ అంటాం. కన్నడిగులు 'ఎరడు వర్షదింద' అంటారు, ఉర్దూవాళ్లు 'దో సాల్ సే' అంటారు. మొదలైన రోజుకూ, గడిచిన కాలానికీ మూడు భాషల్లోనూ ఒకటే ప్రత్యయం చాలు. ఇంగ్లిష్ మాత్రం మొదటిదానికి 'సిన్స్', రెండోదానికి 'ఫర్' కావాలంటుంది. కాబట్టి ఇక్కడి తరగతిలో ఏ ఇంటి పిల్లయినా అక్కడే జారుతుంది. 'ఐ హావ్ సీన్ హిమ్ ఎస్టర్డే' సంగతి వేరు. తెలుగులో 'చూశాను' ఒక్కటే 'సా', 'హావ్ సీన్' రెండింటి పనీ చేస్తుంది. కన్నడంలో 'నోడిదె', 'నోడిద్దేనె' అని రెండు రూపాలున్నాయి. పక్కపక్కనే కూర్చున్న ఇద్దరికీ ఒకే పాఠం ఒకేలా చెప్పడం అందుకే చాలదు.

ఇంటిభాష అడ్డుపడుతుందనే మాట మనం తరచూ వింటాం. అది చేసే సాయాన్ని ఎవరూ లెక్కవేయరు, నాకు బాధ కలిగించేది అదే. పత్తి యార్డులో 'బస్తాల బరువు తగ్గింది' అంటారు తప్ప 'తగ్గాయి' అని ఎవరూ అనరు. క్రియ బస్తాలకు కాక బరువుకు లొంగాలని ఆ నోటికి తెలుసు. అదే మనిషి 'ద వెయిట్ ఆఫ్ ద బ్యాగ్స్ హావ్ ఫాలెన్' దగ్గర మోసపోతాడు, ఎందుకంటే తెలుగులో తనకున్న జ్ఞానం ఇక్కడ పనికొస్తుందని ఎవరూ చెప్పలేదు. 'వన్ ఆఫ్ ద వీవర్' కూడా అంతే. ఎమ్మిగనూరులో 'నేతగాళ్లలో ఒకరు' అంటారు, 'నేతగాడిలో ఒకరు' అని ఎవరంటారు? 'ఆల్దో' పక్కన 'బట్' చేర్చే తప్పుకూ తెలుగే విరుగుడు. 'వాన పడినా వెళ్లాం' అన్న వాక్యంలో ఆ ఒక్క 'నా' చాలు, మధ్యలో 'కానీ' అక్కర్లేదు.

భాషాశాస్త్రం నుంచి దీనికి గట్టి ఆక్షేపణే ఉంది. రెండు భాషలను పోల్చి తప్పులను ముందే ఊహించవచ్చని 1957లో రాబర్ట్ లాడో అన్నాడు. కానీ 1971లో జాక్ రిచర్డ్స్ రకరకాల భాషలవాళ్ల తప్పులను చూపి, వాటిలో చాలావరకు ఇంగ్లిష్‌లోంచే పుడతాయన్నాడు. 'హి కెన్ సింగ్స్' అలాంటిదే. నేర్చిన నియమాన్ని అక్కర్లేని చోటికి సాగదీయడం. ఒప్పుకోవలసిందే. నేను చెప్పేది అన్ని తప్పులకూ వర్తించదు. కానీ అలా సాగదీసిన తప్పు కూడా యాదృచ్ఛికం కాదు. దానికీ ఒక లెక్క ఉందని 1967లోనే పిట్ కార్డర్ వాదించాడు. ఇక 'డిస్కస్ అబౌట్' వంటివి భారతీయ ఇంగ్లిష్ రూపాలు, తప్పనడమెందుకు అనేవారున్నారు. భాషాశాస్త్రవేత్త బ్రజ్ కచ్రూ మన ఇంగ్లిష్‌కు ఇచ్చిన గౌరవం న్యాయమైనదే. అయితే ప్రశ్నపత్రం ప్రామాణిక రూపాన్నే అడుగుతుంది. ఆ సంగతి దాచిపెడితే నష్టపోయేది, నెలనెలా ఫీజు కట్టి చదివే పిల్లే. 40 సెకన్లలో తెలుగులోకి మార్చుకుని ఆలోచించే తీరిక ఎక్కడిదంటారా? పరీక్షలో అక్కర్లేదు. పోలిక సాధనకే. నాలుగు నెలలు అలా సాధన చేస్తే 'సిన్స్' కనిపించగానే కన్ను దాని వెనకున్న కాలం మీదికి వెళ్తుంది.

తెలుగు, కన్నడం, ఉర్దూ మూడూ చేతులెత్తేసే చోటు ఒకటుంది: 'ద'. దానికి సమానమైనది ఈ మూడింటిలోనూ లేదు. అక్కడ రోజూ ఇంగ్లిష్ పేపరు చదవడం తప్ప దగ్గరిదారి నాకు కనిపించలేదు. మిగతావాటికి మాత్రం శిక్షణ ఇచ్చేవాళ్లు రేపే మొదలుపెట్టగల పని ఉంది. పాత ప్రశ్నపత్రంలో తప్పిన ప్రతి వాక్యం పక్కన, అదే మాటను ఇంట్లో ఎలా అంటారో పిల్లల చేత రాయించడం. తెలుగో, కన్నడమో, ఉర్దూనో, ఎవరిది వారు.