ఇంట కట్టు డ్రోనులు

గత కొన్ని మాసములుగా మా వద్దకు వచ్చు రైతుసోదరులు వేరుసెనగ విత్తనమును గూర్చియు, మామిడిపూతపై తేనెమంచు పురుగును గూర్చియు అడిగినంత తరుచుగా మరియొక సంగతిని గూర్చి అడుగుచున్నారు. "అయ్యా, మా పిల్లవాడు డ్రోనును ఇంటిలోనే కట్టుచున్నాడు. అది లేచినచో ఊరిచేలకెల్ల బాడుగకు మందు కొట్టవచ్చునట. సంఘమునుండి అప్పు తీసి యిమ్మని పోరుచున్నాడు, ఇయ్యవచ్చునా?" అని వారి ప్రశ్న. మందు కొట్టుటకు కూలివారు దొరకని కాలము. దొరికినవారును వీపున డబ్బా తగిలించుకొని విషపుగాలి పీల్చుటకు వెనుదీయుచున్నారు. కావున ఈ ప్రశ్నను పిల్లలాట యని త్రోసిపుచ్చుటకు వీలులేదు. అట్లని ఔనని ఒక్కమాట చెప్పుటకును వీలులేదు. ముందుగా ఆ యంత్రమెట్లు పనిచేయునో చెప్పి, పిమ్మట అప్పు సంగతికి వత్తుము.

సామాన్యముగా మన పిల్లలు కట్టునది నాలుగు చేతుల యంత్రము. ప్రతి చేతి కొనయందును ఒక చిన్న మోటారు, దానిపై ఒక విసనకఱ్ఱ రెక్క యుండును. నాలుగును ఒకే వైపునకు తిరిగినచో యంత్రపు దేహము దానికి ఎదురువైపునకు గిరగిర తిరిగిపోవును. అందుచేత ఎదురెదురు మూలలనున్న రెండు రెక్కలు కుడివైపునకును, తక్కిన రెండు ఎడమవైపునకును తిరుగునట్లు అమర్తురు. వెనుక రెక్కలు వేగము హెచ్చినచో యంత్రము ముందునకు వంగి సాగును. ఎడమవి హెచ్చినచో కుడికి ఒరిగి పోవును. చెప్పుటకు ఇంత సులభమే. కాని ఈ యంత్రము తనంతట నిలుకడగా నుండునది కాదు. గాలిలో అరచేతిపై కఱ్ఱను నిలబెట్టినట్లు, క్షణమునకు కొన్ని వందలసార్లు దానిని సవరించుచుండవలెను. మనుష్యుని చేతికిది సాధ్యము కాదు. ఆ పని చేయు చిన్న పలకనే ఆటోపైలటు అందురు. డ్రోనులో విలువైన భాగము రెక్కలు కాదు, ఈ పలకయే.

మేము మిషను పాఠశాలలో చదువుకొను దినములలో మా సైన్సు ఉపాధ్యాయుడు సైకిలుచక్రము నొకదానిని ఇరుసుతో పట్టుకొని గట్టిగా త్రిప్పి, "ఇప్పుడు దీనిని వంచుడు" అని మా చేతికిచ్చెడివారు. తిరుగుచున్నంతసేపు అది వంగనొల్లక మొరాయించెడిది. బొంగరము తిరుగుచున్నంతవరకు పడిపోకుండుటయు ఇందువలననే. ఈ గుణమును విమానమునకు పట్టించి, 1914వ సంవత్సరమున పారిస్ నగరము చెంత లారెన్సు స్పెర్రీ యను అమెరికా యువకుడు రెండు చేతులును పైకెత్తి విమానమును తనంతట పోనిచ్చి చూపెను. ఆనాటి యంత్రము బరువైనది. నేడు అదే పని వడ్లగింజ కంటె చిన్నదైన సిలికాను తునకలో కంపించు సూక్ష్మభాగము చేయుచున్నది. ప్రతి సెల్‌ఫోనులోను ఇట్టి తునకలుండుటచేత అవి కోట్లకొలది తయారై, కొద్ది వెలకే దొరకుచున్నవి. పూర్వము సైన్యములకు మాత్రమే అందుబాటులోనున్న విద్య పల్లెపిల్లల బల్లమీదికి వచ్చుటకు ముఖ్యకారణ మిదియే.

రెండవ కారణము సహకారము. దీనిని మన సంఘసభ్యులు శ్రద్ధగా వినవలెను. 2007వ సంవత్సరమున క్రిస్ ఆండర్సన్ అను అమెరికా పత్రికాసంపాదకుడు తన పిల్లలతో ఆడుకొనుచు, ఆటవస్తువుల తునకలతో నొక ఆటోపైలటును కూర్చెను. అట్టి అభిరుచి గలవారు మరికొందరు ఆయనతో చేరిరి. వారిలో మెక్సికోనుండి అమెరికాకు వచ్చి, అక్కడ పని చేయుటకు అనుమతి రాక ఇంట కూర్చుండియున్న జోర్డి మున్యోజ్ అను యువకుడొకడు. అతడు ఆటయంత్రపు చేతిపిడిలోని తునకను ఊడదీసి, బొమ్మ హెలికాప్టరును నిలుకడగా నిలిపెను. 2009లో వీరిరువురును కలిసి ఒక వ్యాపారసంస్థను స్థాపించిరి. 'ఆర్డుపైలట్' అను వ్రాతయంత్రాంగము ఈ గుంపునుండి పుట్టినదే. వ్రాతయంత్రాంగమనగా పలకకు "ఇట్లైనచో అట్లు చేయుము" అని చెప్పు ఆజ్ఞల వరుస. దానిని ఎవరైనను ఉచితముగా తీసికొనవచ్చును, మార్చుకొనవచ్చును. కాని మార్చినదానిని ఇతరుల కిచ్చునప్పుడు ఆ మార్పును మూసిపెట్టక వెల్లడింపవలెనని నియమము. ఆస్ట్రేలియాలో నొకరు, జపానులో నొకరు, స్విట్జర్లాండులో నొకరు, ఇట్లు ముఖములు చూచికొననివారే ఒకరి తప్పులను మరియొకరు దిద్దుచు దానిని పెంచిరి.

మన జిల్లాలో పూర్వము కుడిమరామత్తు అను ఆచారముండెడిది. చెరువుక్రింద మడి గలవారెల్ల ఏటేట ఇంటికొక మనిషిగా వచ్చి, పూడిక తీసి, కట్ట పోసి, తూము సవరించెడివారు. నీరు ఏ ఒక్కరిదియు కాదు, పని అందరిదియు. ఆర్డుపైలటు అట్టి చెరువే. మన చెరువులకు ఆ ఆచారము తప్పి గండ్లు పడుచుండగా, ఎక్కడివారో దానిని మరియొక రూపమున పాటించుచున్నారని తలచినప్పుడు మాకు కొంత సిగ్గు కలిగినమాట వాస్తవము. ఆస్ట్రేలియాలో దారితప్పిన మనిషికి బదులుగా ఒక బొమ్మను పెట్టి, దానిని మనుష్యుడు లేని విమానముతో వెదకి నీటిసీసా జారవిడువవలెనని పందెము పెట్టిరి. 2007 మొదలు ఏండ్లతరబడి ఎవ్వరికిని అది పూర్తిగా చేతకాలేదు. తుదకు 2014లో కాన్‌బెర్రా నగరపు ఔత్సాహికుల బృందము ఈ ఉమ్మడి వ్రాతయంత్రాంగముతోనే పందెము గెలిచెను.

ఇక పలక ఏమి చేయునో చూతము. బండి తోలువానిని తలచుకొనుడు. బండి దారినుండి ఎంత తొలగినదో అంతకు తగినట్లు పగ్గము లాగవలెను. ఇది మొదటి సూత్రము. క్రొత్తవాడు గట్టిగా లాగును. బండి అవతలికి పోవును, మరల ఇటు లాగును, పామువలె మెలికలు తిరుగును. నేర్పరి బండి దారికి వచ్చుచుండగనే ముందుగా పగ్గము సడలించును; ఇది రెండవది. ఎడమ ఎద్దు బలహీనమైనచో బండి ఎల్లప్పుడును ఒకే వైపునకు లాగును. కొంతదూరము పోయినపిమ్మట తోలువాడు ఆ సంగతి గ్రహించి ఎప్పటికిని కొంచెము బిగువుగా పట్టుకొనును, ఇది మూడవది. పలకలోని లెక్కయంతయు ఈ మూడు పాళ్లు కుదుర్చుటయే. పాళ్లు కుదరని డ్రోను వడవడ వణకును, లేక ఊగులాడి బోర్లపడును. ఇంట కట్టువారి కాలము చాలభాగము ఈ కుదుర్పునకే పట్టును.

తానెక్కడ నున్నదో తెలిసికొనుటకు పలక ఉపగ్రహములనుండి వచ్చు సంకేతములను వినును. కనీసము నాలుగు ఉపగ్రహములు అందినగాని స్థానము తేలదు. మన శ్రీహరికోటనుండి 2013 మొదలు ఎగురవేసిన నావిక్ ఉపగ్రహములు ఈ పనికే ఉద్దేశింపబడినవి. ఏర్పేడు దగ్గరనున్న తిరుపతి ఐ.ఐ.టి.లో స్థానమును కచ్చితముగా నిర్ణయించు విద్యకే ప్రత్యేకముగ నొక కేంద్రము కలదు. అయితే సామాన్యమైన గ్రాహకయంత్రము రెండు మూడు గజములు అటునిటు తప్పుట మామూలు. బయట తిరుగుటకు అది లెక్కలోనిది కాదు. గనిమకు ఇవతల మన టమాట, అవతల పొరుగువాని పంట యున్నప్పుడు రెండు గజములు చాల పెద్దదూరము.

చంద్రగిరి చెంత ఒక గ్రామమున నలుగురు యువకులు కట్టిన యంత్రమును మేము స్వయముగా చూచితిమి. చేతితో నడిపినంతసేపు చక్కగా నెగిరినది. తనంతట పొమ్మని ఆజ్ఞ ఇచ్చినతోడనే ఒకచోట నిలువక, గానుగెద్దువలె గుండ్రముగా తిరుగసాగినది. చుట్టు చుట్టునకు వలయము పెద్దదై తుదకు వేపచెట్టును కొట్టుకొని రెండు చేతులు విరిగి పడినది. అచటి పెద్దలు నవ్విరి. యువకులు మాత్రము నవ్వునకు లొంగక, పలక తనలో వ్రాసికొనిన దినచర్యను తీసి చూచిరి. దిక్సూచి బ్యాటరీతీగల ప్రక్కనే యున్నదట. మోటారులకు విద్యుత్తు హెచ్చుగా పారినకొలది ఆ తీగల అయస్కాంతశక్తి దిక్సూచిని ప్రక్కకు లాగి, ఉత్తరమును తప్పుగా చూపినది. పలక తప్పు దిక్కును నమ్మి సవరించుకొనినకొలది మరింత తొలగినది. వారు దిక్సూచిని జానెడు ఎత్తున కడ్డీపై నిలిపిరి. పదునైదు దినములకు మేము మరల పోయినప్పుడు అది బిందెమూతివంటి చోట దిగినది. ఇట్టి పరిశీలనాబుద్ధి మన ఎరువుల విషయములో సగమైన నున్నచో ఎంత బాగుండునని మేమనుకొంటిమి.

ఆ యువకులే పిమ్మట మందు కొట్టుటకు బయలుదేరుదుమనిరి. వలదని మేము గట్టిగా చెప్పితిమి. వారికి మాపై కోపము వచ్చినది, ఇంకను తీరలేదు. మా కారణములివి. వీపుడబ్బాతో ఎకరమునకు సుమారు 200 లీటర్ల నీటిలో కలిపి కొట్టు మందును డ్రోను 10 లీటర్లలోపు నీటితో కొట్టును. అనగా ప్రతి తుంపరలోను విషము ఇరువదిరెట్లు చిక్కన. తుంపర సన్నము, ఎత్తునుండి పడును, గాలికి కొట్టుకొనిపోవును. పలమనేరు, కుప్పము తట్టు మల్బరీ తోటలు గలవారికి దీని అర్థము వెంటనే తెలియును. మందు సోకిన ఆకు తిన్న పట్టుపురుగులు గూడు కట్టకయే చచ్చును. ఒక్క పూటలో ఆ కుటుంబపు పంట పోవును. చెట్టును కొట్టిన యంత్రమునకు చేయి మార్చవచ్చును. పొరుగువాని పురుగులను ఎవరు తెచ్చియియ్యగలరు?

చట్టమును ఇదియే చెప్పుచున్నది. 2021వ సంవత్సరపు డ్రోను నిబంధనల ప్రకారము చదువుకొరకు, పరిశోధనకొరకు, వినోదముకొరకు 25 కిలోలకు మించని యంత్రమును కట్టి, కంటికి కనబడునంత దూరములోనే ఎగురవేయుటకు రకపు ధ్రువపత్రము అక్కరలేదు. బాడుగకు మందు కొట్టు యంత్రమునకు ఆ పత్రము కావలెను. దానిని నడపువానికి 18 ఏండ్లు నిండి, పదవతరగతి ఉత్తీర్ణత, ఆమోదము పొందిన శిక్షణాలయపు శిక్షణ ఉండవలెను. గుంటూరు చెంత లాం గ్రామమున ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయమువారు ఇట్టి శిక్షణ నిచ్చుచున్నారు. ఎత్తు 400 అడుగులకు మించరాదు. రేణిగుంట విమానాశ్రయపు ప్రహరీనుండి 8 కిలోమీటర్లలోపల అనుమతి లేక నేలనుండి లేపనేరాదు. 8 మొదలు 12 కిలోమీటర్లవరకు 200 అడుగులే హద్దు. తిరుమల కొండపై ఎగురవేయుట నిషిద్ధము. సరదాకు చేసితిమన్న జవాబును పోలీసువారు వినరు. కౌండిన్య అడవియంచున ఏనుగులు చేలలో పడినప్పుడు డ్రోనుతో తరుముదుమని కొందరు యువకులు మాతో ననిరి. మందను బెదరించినచో అది ఏ ఊరివైపునకు తిరుగునో ఎవరికెరుక? ఆ పనిని అటవీశాఖవారికే విడువవలెను.

మామిడితోటల విషయమున నొక మాట. డ్రోనుగాలి పై ఆకును తడుపును గాని, పెద్ద చెట్ల గుబురులోపలికి మందు చేర్చుట కష్టము. మనిషి చొరరాని చెరకుతోటకు, బురదమడికి అది బాగుగా ఉపకరించును. కావున ఎవరి పంట ఎట్టిదో చూచుకొనకుండ యంత్రమునకు తొందరపడరాదు.

ఇక అప్పు సంగతి. ఇంట కట్టిన యంత్రముతో బాడుగకు మందు కొట్టుటకై సంఘము అప్పు ఇయ్యరాదని మా అభిప్రాయము. మందు కొట్టు యంత్రమే కావలసినచో ధ్రువపత్రము గలదానిని సంఘముపేర కొని సభ్యులకు బాడుగకు త్రిప్పుట మేలు. రైతుల సహకార సంఘములు నడపు బాడుగయంత్ర కేంద్రములకు డ్రోను వెలలో 40 శాతము, 4 లక్షలకు మించకుండ సాయము చేయుదుమని కేంద్రప్రభుత్వము 2022 జనవరిలో ప్రకటించినది. 2023 నవంబరులో 15,000 మహిళాసంఘములకు వెలలో 80 శాతము, 8 లక్షలకు మించకుండ ఇచ్చు పథకమును ఆమోదించినది. తీర్మానము చేయుటకు ముందు, ఆ సాయములో ఇప్పుడు ఎంత దొరకునో వ్యవసాయాధికారిని కార్యదర్శి వ్రాతమూలముగ అడుగవలెను.

కాని కట్టుచున్న పిల్లలను రిక్తహస్తములతో పంపరాదు. వారికి కావలసినది లక్షలు కాదు; తాళము గల ఒక గది, పంట కోసిన ఖాళీచేను, పలకలకును మోటారులకును కొద్దిమొత్తము. రేపు సంఘపు యంత్రము చెడినప్పుడు పట్టణమునుండి మనిషి వచ్చువరకు నాలుగు దినములు అదను పోగొట్టుకొనకుండ విప్పి చూడగలవారు వీరే. వీరిలో నొకరిని శిక్షణకు పంపి, నడపు పని అతనికే ఇయ్యవచ్చును.

గది ఇచ్చువారు ఒక్కటి గమనింపవలెను. డ్రోనులో వాడు లిథియము బ్యాటరీ తేలికైనది, కాని ప్రమాదకరమైనది. ఒక్కొక్క అరకు 4.2 వోల్టులకు మించి విద్యుత్తు ఎక్కించినను, ఉబ్బినదానిని వాడినను మంట లేచును. కొట్టముక్రింద, గడ్డివామి ప్రక్కన, రాత్రి నిద్రించువేళ దానికి విద్యుత్తు ఎక్కింపరాదు. సిమెంటుగచ్చుపై, ప్రక్కన ఇసుకబక్కెట్టు పెట్టుకొని, మనిషి కనిపెట్టియుండగా ఎక్కింపవలెను.