తంత్రం అంటే అదేనా?

తంత్రం మాటెత్తితే చాలు, మా హాస్టల్‌లో ముసిముసి నవ్వులు మొదలవుతాయి. నిజానికి కౌలమార్గంలో మద్యం, మాంసం, మత్స్యం, ముద్ర, మైథునం అనే పంచమకారాలు విలాసానికి కాదు. గురువు చెప్పిన కట్టుబాట్లలో చేసే పూజ అది. శుద్ధం, అశుద్ధం అన్న భేదం, ఏవగింపు పోవాలన్నది ఉద్దేశం. దక్షిణాచారంలో వీటికి బదులు వేరే పదార్థాలు వాడతారు.

నాథయోగులది ఎదురు దారి. బిందువు నిలిస్తేనే ప్రాణం నిలుస్తుందని బ్రహ్మచర్యం పట్టారు. 15వ శతాబ్దంలో గౌరన ద్విపదలో రాసిన 'నవనాథ చరిత్ర'లో సవతితల్లి చిత్రాంగి కోరికను కాదన్న సారంగధరుడు కాళ్లూ చేతులూ పోగొట్టుకుని, చివరికి సిద్ధుడవుతాడు. మన కదిరి దగ్గర కటారుపల్లెలో సమాధి ఉన్న వేమన గురించి కూడా వేశ్యాలోలుడు యోగి అయ్యాడనే కథ చెప్పుకుంటారు.

దారులు వేరైనా రెండూ కోరికకు బానిస కాకూడదనే అంటాయి. కానీ చిత్రాంగి, వేమన కథలోని వేశ్య ఇద్దరూ మగవాడి పరీక్షకే వచ్చిపోతారు. వాళ్లకూ ఒక సాధన ఉండొచ్చని ఈ కథలకు తట్టలేదు. మనమైనా అడగాలి కదా?